కొన్న ఆట ఎవరి సొత్తు?

(వినియోగదారుల దినమున మా సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేటి సభకు మేమెన్నుకొన్న విషయము సెల్‌ఫోనులలోను, కంప్యూటరులలోను ఆడు వీడియో ఆటలు. ఈ మాట చెప్పగానే వెనుక వరుసలోని పెద్దలు కొందరు ఒకరి ముఖమొకరు చూచుకొనుట మేము గమనించితిమి. బియ్యము తూకములోని మోసమునుగూర్చియో, పెట్రోలు కొలతనుగూర్చియో మాటలాడవలసిన దినమున పిల్లల ఆటల గోల యేల యని వారి శంక. శంక సహజమే. కాని ఆ ఆటలకు వ్యయమగుచున్న ధనము పిల్లలది కాదు, మనది. అంతకన్న ముఖ్యమైన దింకొకటి కలదు. వెల పుచ్చుకొని అమ్మినవాడు కొంతకాలమునకు వచ్చి, అమ్మిన వస్తువును చెప్పకుండ పట్టుకొనిపోవచ్చునా? ఈ ప్రశ్న నేడు ఆటల విషయమున పుట్టినది. పుస్తకములకును, పాటలకును, సినిమాలకును అప్పుడే ప్రాకినది.

మన కుటుంబములలో పలువురి యిండ్ల పెట్టెలలో తాతముత్తాతల నాటి క్రయ దస్తావేజులున్నవి. మనము తెలుగుదేశమును విడిచి యెన్ని తరములైనను ఆ కాగితములను మాత్రము విడువలేదు. వానిలో అమ్మకమన నేమో విస్పష్టముగా నుండును. కొన్నవాడు పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవింపవచ్చును, దానము చేయవచ్చును, మారకము చేయవచ్చును, తిరిగి అమ్మవచ్చును. కౌలునామాలోని భాష వేరు. అందు గడువుండును, గడువు తీరగానే భూమిని వదలవలయునను షరతుండును. అక్షరము రానివారు సైతము క్రయమునకును కౌలునకును గల భేదమును ఎరిగియుండిరి. ఎవ్వడైనను కౌలునామా వ్రాసి దానిపై క్రయ దస్తావేజు అని శీర్షిక పెట్టినచో ఊరి పెద్దలు ఊరకుండెడివారు కారు.

వీడియో ఆటల వ్యాపారమున నేడు జరుగుచున్నది సరిగా ఇదియే. తెరమీద పెద్ద అక్షరములతో ‘కొనుడు’ అని యుండును. దాని క్రింద ఎవ్వరును చదువని ముప్పది నలుబది పుటల నియమావళిలో, మేము మీకు అమ్ముటలేదు, వాడుకొనుటకు లైసెన్సు మాత్రమిచ్చుచున్నాము, ఆ లైసెన్సును మేము ఎప్పుడైనను రద్దుచేయవచ్చును అని యుండును. శీర్షిక క్రయమునది, లోపలి వ్రాత కౌలుది. అదియును గడువు చెప్పని కౌలు!

పెద్దలకొరకు ఆటల స్వరూపమును కొంచెము వివరింతుము. మన యిండ్లలో వామనగుంటల పీట యుండెడిది. పిల్లలు చింతపిక్కలతో ఆడెడివారు. పీటను చేసిన వడ్రంగి మరణించినను, దుకాణము మూతపడినను పీట పనిచేయుచునే యుండెడిది. ముప్పది యేండ్ల క్రిందటి వీడియో ఆటలును అట్టివే. డబ్బీలోనో, బిళ్లలోనో వచ్చెడివి. యంత్రమునకు తగిలించి ఆడుకొనుటకు ఎవ్వరి యనుమతియు అవసరము లేకుండెను. ఇప్పటి ఆటలు పెక్కింట సగము ఆట మన యంత్రములో నుండును, తక్కిన సగము కంపెనీవారి సర్వరు అను దూరపు కంప్యూటరులో నుండును. మనము ఆట తెరచిన ప్రతిసారియు మన యంత్రము ఆ సర్వరును పలుకరించి అనుమతి పొందవలయును. ఆ సర్వరు మూగవోయిన నాడు మన చేతిలోని సగము వట్టి బరువే. ఇదికాక ఆట కొన్న పిదప అందులో క్రొత్త అధ్యాయములు, క్రొత్త పాత్రలు, బట్టలు, ఆయుధములు వేరువేరుగ వెలకు అమ్ముదురు. వీనిలో దేనినైనను కంపెనీ తన కార్యాలయమున కూర్చుండి తుడిచివేయగలదు.

ఒక ప్రసిద్ధమైన దృష్టాంతము. ఫ్రాన్సు దేశపు యుబిసాఫ్ట్ కంపెనీ 2014 డిసెంబరులో ‘ది క్రూ’ అను కారు పందెముల ఆటను వెలువరించెను. అమెరికా దేశమంతయు చిన్నదిగా చేసి, ఆ దారులపై కారు నడుపుకొనునట్లు కూర్చిన ఆట అది. ఒంటరిగా ఆడుకొనుటకు ఒక కథయు నందు కలదు. అయినను సర్వరు లేనిదే ఆట తెరచుకొనదు. 2023 డిసెంబరులో దానిని అమ్మకమునుండి తొలగించిరి. 2024 మార్చి 31న సర్వరులు ఆపివేసిరి. అంతటితో ఆగినను కొంత మర్యాదగా నుండెడిది. తరువాతి నెలలో కొందరు కొనుగోలుదారుల ఖాతాలనుండి ఆ ఆట లైసెన్సునే తొలగించిరి. బిళ్ల కొని యింట దాచుకొన్నవారికిని ఆ బిళ్ల పనికిరాకపోయెను. ఇద్దరు కొనుగోలుదారులు 2024 నవంబరులో కాలిఫోర్నియా న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. కంపెనీవారి వాదము మనము ఊహింపదగినదే: వారు కొన్నది లైసెన్సు మాత్రమే, ఆట కాదు అని.

రెండవది ఇంకను విచిత్రము. ‘డెస్టినీ 2’ అను ఆట 2017లో వెలువడెను. అమెరికాలోని బంగీ సంస్థ దాని కర్త. ‘రెడ్ వార్’ అను ప్రధాన కథ కొరకే చాలమంది ఆ ఆటను వెలయిచ్చి కొనిరి. 2020 నవంబరులో ఆ కథను, దాని వెంట అమ్మిన మరి రెండు కథలను, కొన్ని గ్రహముల రంగస్థలములతో సహా ఆటనుండి తీసివేసిరి. ఆట మిక్కిలి పెద్దదై నిర్వహించుట కష్టమైనదని వారు చెప్పిన కారణము. 2018లో నలుబది డాలర్లకు అమ్మిన ‘ఫర్‌సేకెన్’ అను భాగపు కథను 2022 ఫిబ్రవరిలో తీసివేసిరి. పెట్టెలో దాచినాము అను అర్థము వచ్చునట్లు వారు దానికొక ముద్దుపేరు పెట్టిరి. పెట్టె తాళపుచెవి మాత్రము కొన్నవారికి ఈయలేదు. తమాషా యేమనగా, ఒక రచయిత తన కథను అపహరించి ‘రెడ్ వార్’ కథ కూర్చిరని ఆ సంస్థపై 2024లో దావా వేసెను. కథలో నేమున్నదో న్యాయాధిపతికి చూపవలసి వచ్చినపుడు, ఆ కథ ఆడుటకు వీలు లేనందున, బంగీవారు అభిమానులు యూట్యూబులో పెట్టిన దృశ్యములను, అభిమానులు వ్రాసికొన్న వివరములను దాఖలు చేసిరి. పరులు కూర్చిన వానిని ఆధారముగా స్వీకరింప వీలులేదని 2025లో న్యాయస్థానము తిరస్కరించెను. కొన్నవారికి లేకుండ చేసిన వస్తువు తయారుచేసిన వానికిని దక్కలేదన్నమాట.

కంపెనీల పక్షమున చెప్పదగిన మాటలును కలవు. వానిని దాచుట న్యాయము కాదు. సర్వరు నడుపుటకు కరెంటు, మనుషులు, మరమ్మతు కావలయును. పదిమంది ఆడు ఆటకు పదివేలమంది ఖర్చు పెట్టుమని ఎవ్వరును కోరరు. ఆటలలోని పాటలకును, కార్ల పేర్లకును వాని యజమానులవద్ద గడువుతో కూడిన హక్కులే తీసికొందురు. 2008లో వచ్చిన ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో 4’ అను ఆటలో పాటల హక్కులకు గడువు ముగిసినందున 2018 ఏప్రిలులో పెక్కు పాటలను తొలగించిరి. ఆటలోని కారు రేడియోలో వచ్చు రష్యా పాటల స్టేషను ముఖ్యముగా దెబ్బతినెను. ‘అలన్ వేక్’ అను ఆటను అట్టి కారణముననే 2017లో అమ్మకమునుండి తీసివేసి, హక్కులు మరల సంపాదించి 2018లో తిరిగి అమ్మిరి. అయితే ఇచట మేమొకటి అడుగుదుము. పాటల హక్కు పదేండ్లకే అని అమ్మువానికి మొదటి దినముననే తెలియును. కొనువానికి మాత్రమేల తెలుపలేదు? పెట్టెపై గడువు తేదీ ముద్రింపని మందుల సీసాను మనమంగీకరింతుమా?

ఈ జబ్బు మొదట పుస్తకములలో కనబడినది. 2009 జులైలో అమెజాను కంపెనీ తన కిండిల్ యంత్రములలో చదువరులు కొనిన జార్జి ఆర్వెల్ పుస్తకములు రెంటిని, ‘1984’ను, ‘యానిమల్ ఫారమ్’ను, రాత్రికి రాత్రి తుడిచివేసెను. అమ్మినవానికి ముద్రణ హక్కు లేదని తెలిసినదట. వెల తిరిగి యిచ్చిరి. కాని ఒక హైస్కూలు విద్యార్థి ఆ పుస్తకముపై వ్రాసికొన్న గుర్తులన్నియు వ్యర్థములైనవి. అతడు వ్యాజ్యము వేసెను, కంపెనీ రాజీపడెను, దాని యధిపతి బహిరంగముగా క్షమాపణ చెప్పెను. వెల తిరిగి యిచ్చినంతమాత్రమున నష్టము తీరదని ఆ బాలుని వ్యాజ్యము తెలుపుచున్నది. ఆటలోనైనను అంతే. నాలుగేండ్లు ఆడి పెంచుకొన్న పాత్ర విలువ రశీదుపై నుండదు.

మన దేశమునకు వత్తము. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వము 118 యాపులను నిషేధించెను. వానిలో ‘పబ్‌జీ మొబైల్’ ఒకటి. ఆ సంవత్సరము అక్టోబరు 30తో దాని సర్వరులు మన దేశమునకు పూర్తిగా మూతపడెను. 2022 ఫిబ్రవరిలో ‘ఫ్రీ ఫైర్’ వంతు వచ్చెను. ఈ ఆటలు ఊరకే వచ్చునవి, నిజమే. కాని అందులో బట్టలకును, తుపాకుల రంగులకును పిల్లలు రూపాయలు పోసిరి. ఇచట తొలగించినది అమ్మినవాడు కాదు, సర్కారు. సమాచార సాంకేతిక చట్టము 69ఏ సెక్షను క్రింద దేశ భద్రత కారణముగా చేసిన పని. ఆ ఉత్తర్వు తప్పో ఒప్పో మేమిచట విచారింపబోము. పౌరుడు న్యాయముగా వెలయిచ్చి కొన్నదానికి ఆ ఉత్తర్వు వలన కలిగిన నష్టమును ఎవ్వరు భరింపవలయునో మాత్రము ఆనాడు ఎవ్వరును పలుకలేదు. 2021 జులైలో అదే ఆట మరియొక పేర వచ్చినపుడు పాత ఖాతాలోని సామగ్రిని క్రొత్తదానికి మార్చుకొనుటకు వీలు కల్పించిరి. దీనినిబట్టి మనసుండిన మార్గముండునని తెలియుచున్నది. 2022 జులైలో ఆ క్రొత్త పేరిటి ఆటయు యాపుల దుకాణములనుండి మాయమై, 2023 మే నెలలో తిరిగి వచ్చినది. పిల్లవాడు పది నెలలు తాను కొన్నది ఉన్నదో లేదో తెలియక యుండెను.

డబ్బు పందెముగా ఒడ్డి ఆడు ఆటల సంగతి వేరు. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టము చేసి వానిని నిషేధించినది. మేము ఆ నిషేధమును హర్షించితిమి. నేటి ప్రసంగము వానినిగూర్చి కాదు.

మా సభ్యులలో ఒకరి కుమారుడు, కళాశాల విద్యార్థి, ఉగాదికిని దసరాకును పెద్దలిచ్చిన డబ్బు కూడబెట్టి ఒక ఆటకు అనుబంధ భాగమును కొనెను. ఏడాది తిరుగకముందే అది అతని జాబితాలోనుండి మాయమైనది. అతడు వ్రాసిన ఉత్తరమునకు వచ్చిన జవాబు రెండు పంక్తులు: నియమావళి ప్రకారము జరిగినది, డబ్బు తిరిగి ఇచ్చు వీలులేదు. కంపెనీ పేరు మేము చెప్పము, అది ఇచట ముఖ్యము కాదు. ఆ కుర్రవాడు తండ్రితో అన్న మాట మాకు గుర్తున్నది. “నాన్నగారూ, వాళ్లు దొంగతనము చేసినారనుటకు లేదు, నేనే సరియన్న చోట నొక్కితిని గదా!” అన్యాయము జరిగినది కొన్నవానికి, తప్పు చేసినట్టి సిగ్గును వానికే. ఈ సిగ్గును తొలగించుటకే నేటి మా ప్రయత్నము.

చట్టము నేమనవలయునో చూతము. కొన్నది వస్తువా, లైసెన్సా యను వాదమునందు కంపెనీలు అతిగా ఆధారపడుచున్నవి. కాని కంప్యూటరు ప్రోగ్రాము వస్తువే యని మన సుప్రీముకోర్టు 2004లోనే తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము మనవారి రాష్ట్రముదే: టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ ఒక పక్షము, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రెండవ పక్షము. దుకాణములో బిళ్లలపై అమ్ము తయారు ప్రోగ్రాములపై అమ్మకపు పన్ను వేయవచ్చునా యనునది ప్రశ్న. ప్రోగ్రాము బుద్ధిచే పుట్టినదైనను, బిళ్లపై చేర్చి అమ్మునపుడు అది సరుకే యని, పన్ను చెల్లునని కోర్టు నిర్ణయించెను. పన్ను పుచ్చుకొనునపుడు సరుకు, కొన్నవాడు అడిగినపుడు సరుకు కాదు అనుట యెట్లు పొసగును?

అది సరుకు కాదు, సేవయే అని యొప్పుకొన్నను మనకు కీడు లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జులై 20నుండి అమలులోనికి వచ్చినది. 1986 నాటి చట్టము స్థానమున నిది వచ్చెను. ఇది సరుకునకును వర్తించును, సేవకును వర్తించును. ఇంటర్నెట్టు ద్వారా కొన్నను కొనుటయే యని స్పష్టముగా నందు వ్రాసిరి. సేవాలోపమన నేమో చెప్పు నిర్వచనమున, తెలుపవలసిన సంగతిని బుద్ధిపూర్వకముగా దాచుటయు లోపమే యని చేర్చిరి. ఆట భాగము రెండేండ్లకే పోవునని ఎరిగియు చెప్పక అమ్మినవానికి ఈ మాట చాలును.

ఇంకొక మాట ఆ చట్టమున క్రొత్తగా చేరినది: అన్యాయపు ఒప్పందము. సహేతుకమైన కారణము లేకుండ ఒప్పందమును ఏకపక్షముగా రద్దుచేయు అధికారమును ఒక పక్షమునకు కట్టబెట్టు షరతు ఈ నిర్వచనములోనికి వచ్చును. ‘ఎప్పుడైనను, ఏ కారణముచేతనైనను, కారణము లేకయు’ అని కంపెనీలు తమ నియమావళిలో వ్రాసికొను షరతునకు ఈ మాటలు అద్దము పట్టినట్లున్నవి. కాని ఇచట ఒక మెలిక కలదు, జాగ్రత్తగా వినవలయును. అన్యాయపు ఒప్పందమని కొట్టివేయుడని కోరు ఫిర్యాదును జిల్లా కమిషను విచారింపజాలదు, రాష్ట్ర కమిషనునకు పోవలయును. బళ్లారివారు బెంగుళూరునకు, హోసూరువారు చెన్నైకి, బరంపురమువారు కటకమునకు, షోలాపురమువారు ముంబయికి, యానామువారు పుదుచ్చేరికి అన్నమాట. రెండు వేల రూపాయల ఆట భాగమునకై అంత దూరమా యందురు. కావున మా సలహా యిది. సొమ్ము తిరిగి రావలయుననునది మీ కోరికయైనచో, సేవాలోపము, అనుచిత వ్యాపార పద్ధతి అను రెండు మాటలపై జిల్లా కమిషనులోనే అర్జీ వేయుడు. షరతును కొట్టివేయించు పోరాటము ఒక్క కుటుంబము చేయదగినది కాదు, సంఘములు చేయదగినది.

తండ్రి ఫోనునుండి డబ్బు చెల్లించెను, కుమారుడు ఆడెను, ఇందు వినియోగదారుడెవ్వడని కొందరు మమ్మడిగిరి. ఇద్దరును. కొన్నవాని సమ్మతితో వాడుకొనువాడును వినియోగదారుడే యని చట్టము చెప్పుచున్నది. పిల్లవాడు మైనరైనచో తల్లి గాని తండ్రి గాని సంరక్షకుడు గాని వాని పక్షమున ఫిర్యాదు చేయవచ్చును. మైనరు చేసిన ఒప్పందము చెల్లదని మన దేశమున 1903నుండి స్థిరపడిన ధర్మము. బంగాళమునుండి వెళ్లిన మొహరీబీబీ వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలు అట్లు చెప్పినది. పదేండ్ల పిల్లవాడు సరియని నొక్కినంత మాత్రమున నలుబది పుటల షరతులకు కట్టుబడినాడను వాదము ఎంత బలమైనదో మీరే యోచింపుడు. కాని తల్లిదండ్రులకొక మాట: మీ ఫోనులో చెల్లింపు రహస్యసంఖ్యను పిల్లలకిచ్చి, పిదప మాకు తెలియదనుట సభ్యత కాదు.

కంపెనీ విదేశములో నున్నది, మనము దానిని పట్టుకొనగలమా? 2020 నాటి ఈ-కామర్స్ నియమములు డిజిటల్ వస్తువులకును వర్తించును. మన దేశమున స్థాపితము కాకున్నను, మన వినియోగదారులకు క్రమముగా అమ్ముచుండు కంపెనీ వానికి లోబడవలసినదే. అట్టి కంపెనీ ఫిర్యాదుల అధికారిని నియమింపవలయును, ఫిర్యాదు ముట్టినట్లు 48 గంటలలో తెలుపవలయును, ఒక నెలలో పరిష్కరింపవలయును. వివాదము వచ్చినచో ఫలానా దేశమున మధ్యవర్తివద్దకే పోవలయునని నియమావళిలో నున్నను భయపడవలదు. మధ్యవర్తి షరతున్నంత మాత్రమున వినియోగదారుల కమిషను తలుపులు మూయబడవని ఎమ్మార్ ఎమ్‌జీఎఫ్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు 2018లో తేల్చినది. మీరు నివసించు ఊరి జిల్లా కమిషనులోనే వేయవచ్చును. చెల్లించిన వెల అయిదు లక్షల లోపైనచో ఫీజు లేదు. నష్టము కలిగిన రెండేండ్లలో వేయవలయును. ‘ఈ-జాగృతి’ అను ప్రభుత్వ తావున ఇంటినుండియే దాఖలు చేయుటకును, వీడియో ద్వారా విచారణలో పాల్గొనుటకును వీలున్నది. లాయరు తప్పనిసరి కాడు.

అన్య దేశములలో కొంత కదలిక వచ్చినది. కాలిఫోర్నియాలో 2024 సెప్టెంబరులో ఒక చట్టము చేసిరి. 2025 జనవరి 1నుండి అచట డిజిటల్ వస్తువు నమ్మువాడు, ఇచ్చుచున్నది లైసెన్సు మాత్రమే యని ప్రస్ఫుటముగా తెలుపనిదే ‘కొనుడు’ అను మాట వాడరాదు. శాశ్వతముగా దింపుకొని ఇంటర్నెట్టు లేకయే వాడుకొనదగిన వస్తువులకు ఈ నిర్బంధము లేదు. ఇది మంచిదే గాని, మా దృష్టిలో సగము మంచిదే. కౌలునకు కౌలని పేరు పెట్టించినది, గడువు వ్రాయింపలేదు.

యూరోపువారు ఒక అడుగు ముందుకు వేయజూచిరి. ‘ది క్రూ’ మూసివేతతో మొదలైన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ అను ఉద్యమమువారు యూరోపియన్ యూనియనునకు పౌరుల విన్నపము సిద్ధపరచి 2024 జులై 31నుండి ఒక సంవత్సరము సంతకములు సేకరించిరి. పదిలక్షలు కావలసి యుండగా పదునాలుగు లక్షలకు మించి వచ్చినవి. వారి కోరిక మితమైనది. సర్వరులను కలకాలము నడుపుమని కాదు, నిర్వహణ మానునపుడు ఆటను ఆడదగిన స్థితిలో వదలుడని మాత్రమే. బ్రిటనులో ఈ విషయము 2025 నవంబరులో పార్లమెంటు సభ్యుల చర్చకు వచ్చినది. అచటి ప్రభుత్వము చట్టము మార్చు ఉద్దేశము లేదన్నది.

ఆడదగిన స్థితిలో వదలుట అసాధ్యమని కంపెనీలు వాదించును. అయితే అదే యుబిసాఫ్ట్ వారు, అలజడి కలిగిన పిదప, ‘ది క్రూ 2’ను సర్వరు లేకుండ ఆడుటకు వీలుగా 2025లో మార్చియిచ్చిరి. సోనీ కంపెనీ 2024 ఆగస్టులో ‘కాంకార్డ్’ అను ఆటను విడుదలచేసి, ఆదరణ లేక రెండు వారములకే సెప్టెంబరు 6న మూసివేసి, కొన్నవారందరికి సొమ్ము తిరిగి యిచ్చెను. వ్యాపారము చెడినను మర్యాద చెడలేదు. గాగ్ అను పోలండు దుకాణము తానమ్ము ఆటలను పూర్తిగా దింపుకొని దాచుకొనుటకు వీలిచ్చుచున్నది. అనగా సాధ్యము కానిదేమియు లేదు, వ్యయమే యున్నది, ఆ వ్యయము ఎవరు భరింపవలయునని వాదమున్నది.

భాషను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఈ కంపెనీల నియమావళులు ఇంగ్లీషులో నుండును. మనలో పలువురకు ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడమో తమిళమో ఒడియాయో మరాఠీయో. ఫిర్యాదు చేయవలయునన్న మూడవ భాషలో మూడవవాని కాళ్లు పట్టుకొనవలసి వచ్చును. అందుకే అల్పసంఖ్యాకులమైన మనవారు చిన్న నష్టములను మింగి యూరకుండుట అలవాటు చేసికొనిరి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యపై టెలిఫోను చేసినచో తెలుగులోనే మాటలాడవచ్చును. పదునేడు భాషలలో ఆ యేర్పాటున్నది, మనది అందొకటి. దుకాణదారునితో రాజీ కుదుర్చుటకు వారు ప్రయత్నింతురు, ఫిర్యాదునకు సంఖ్య ఇత్తురు. అట్లే కష్టనివారణకై కేంద్రమున గాని రాష్ట్రమున గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారులకు విన్నపము చేసికొను హక్కును రాజ్యాంగము 350వ అధికరణమున ప్రతివానికి ఇచ్చినది. ఆ హక్కును వాడక తుప్పుపట్టించినది మనమే.

ఇక చేయవలసిన పని. ఆట గాని భాగము గాని కొన్ననాడు వచ్చు రశీదు ఉత్తరమును తుడిచివేయవలదు. కొనునప్పటి తెరను, అమ్మకపు ప్రకటనను ఫోటో తీసి యుంచుడు. నియమావళి తరచు మారుచుండును గాన ఆనాటి ప్రతిని దాచుకొనుట మేలు. తొలగించినట్లు కనబడిన తేదీని వ్రాసియుంచుడు. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాయుడు. నెల గడచినను ఫలితము లేనిచో 1915, ఆపైన జిల్లా కమిషను. అర్జీలో కోరవలసినవి మూడు: తొలగించినదానిని తిరిగి యిచ్చుట, లేనిచో వెల వాపసు, దానితో కర్చులు.

అర్జీ వ్రాసికొనుటకు తోడు కావలసినవారు ఆదివారము ఉదయము మా సంఘ కార్యాలయమునకు రావచ్చును. ఇద్దరు న్యాయవాదులైన సభ్యులు ఉచితముగా చూచెదమని మాటయిచ్చినారు. రశీదు, ఫోటోలు, కంపెనీవారి జవాబు వెంట తేవలయును. పిల్లలను గూడ వెంటబెట్టుకొని రండు. ఆ ఆటలో నేమి కొన్నారో, నేమి పోయినదో వారికి తెలిసినట్లు మనకు తెలియదు.